పదమూడో ఎక్కం, ఏడో బొక్క: ఒక చలికాలం ఇండోర్ సైక్లింగ్ కేసు

2023 నవంబర్ 1న హన్మకొండలోని మా ఫిజియోథెరపీ క్లినిక్‌కు ఒక లెక్కల టీచర్ వచ్చారు. వయసు 44. ములుగు రోడ్డు వైపు ఒక ఊళ్లో సర్కారు బడిలో పని. కూర్చోగానే మాట్లాడింది బరువు గురించి కాదు, బెల్లం గురించి.

"పోయిన జాతరల మొక్కుకున్న సార్. మా పిల్లగానికి సీటొస్తే సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తనని. సీటొచ్చింది. ఫిబ్రవరిల జాతర. త్రాసుల కూసుంటే వాడకట్టంతా చూస్తది."

రెండేళ్లకోసారి జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరలో బంగారమంటే బెల్లం. నిలువెత్తు బంగారమంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం. ఎక్కువమంది ఇంటి దగ్గరే తూచి తీసుకెళ్తారు. చూసేవాళ్లు చూస్తారు, బస్తాలు లెక్కపెట్టేవాళ్లు పెడతారు. ఆమె బాధ అందులో సగమే. మిగతా సగం 2022 జాతర నాటిది. బండి ఆపిన చోటి నుంచి అమ్మవార్లను నిలిపే గద్దెల దాకా నడవడానికి నాలుగుసార్లు దారి పక్కన కూర్చున్నారట. జంపన్న వాగు దగ్గర అత్తగారు వెనక్కి తిరిగి, "కోడలా, వస్తున్నవా?" అని అడిగారట. అది ఇంకా మనసులో ఉంది.

అంటే పనులు రెండు. ఒకటి దమ్ము పెరగాలి, రెండోది బరువు తగ్గాలి. జాతర ఫిబ్రవరి 21న మొదలు. లెక్కేస్తే సరిగ్గా 16 వారాలు. ఈ రెండూ ఒకే పని అని అప్పుడు ఆమె అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ ఆమెకు ఆ తేడా గట్టిగా చెప్పలేదు.

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. గుర్తుపట్టేలా ఉండే ఒకటి రెండు వివరాలు మార్చాను. నా పొరపాట్లు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

సైకిలే ఎందుకు

నడకతో మొదలుపెడదామనే నేనూ అనుకున్నాను. కానీ ఆమె పొద్దున ఏడూ ముప్పావుకు ఇల్లు వదలాలి. తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. పొద్దున్నే అయిదింటికి లేచి నడుద్దామంటే చలి, మంచు, వాటికి మించి కుక్కలు. ఒంటరిగా ఆడమనిషి చీకట్లో నడవాలంటే చలి ఒక్కటే అడ్డం కాదు. మగవాళ్లం "లేచి నడవండి మేడం" అని తేలిగ్గా అనేస్తాం.

ఇంట్లో ఒక ఎక్సర్‌సైజ్ సైకిల్ ఉంది. 2020 లాక్‌డౌన్‌లో కొన్నది. అప్పటి నుంచి దాని మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. నేను చూసిన పది ఇళ్లలో ఎనిమిదింట్లో ఈ సైకిల్ ఉద్యోగం అదే. అయస్కాంతంతో బిగువు పెంచే రకం, నాబ్ మీద 1 నుంచి 8 దాకా అంకెలు, చిన్న తెర. తెర మీద సమయం, వేగం, దూరం, క్యాలరీలు కనిపిస్తాయి. వాట్లు, అంటే ఎంత బలంతో తొక్కుతున్నామో చెప్పే అంకె, కనిపించవు. ఈ విషయం తర్వాత పనికొస్తుంది.

ఆమె మోకాళ్లకు కూడా సైకిలే మేలు. నడిస్తే ప్రతి అడుగుకూ ఒంటి బరువంతా కాలి మీద పడుతుంది. సైకిల్ మీద ఆ బరువులో ఎక్కువ భాగం సీటు మోస్తుంది. 78 కిలోల మనిషి తొక్కుడు మొదలుపెట్టిన వారంలోనే మోకాలు పట్టుకుని కూర్చుంటే అక్కడితో కథ అయిపోతుంది.

మొదటి రోజు కొలతలు ఇవి. ఎత్తు 156 సెం.మీ., బరువు 78.4 కిలోలు, ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే బీఎంఐ 32 దాటింది. మనవాళ్లకు 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. నడుము 98 సెం.మీ.; ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు. ఆరు నిమిషాల నడక పరీక్షలో 428 మీటర్లు నడిచారు. బీపీ 128/82. విశ్రాంతిలో నాడి నిమిషానికి 60.

ఆ ఆఖరి అంకె దగ్గర నేను ఆగాల్సింది. ఏ వ్యాయామమూ లేని, మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి నాడి 60 ఎందుకుంటుంది? "గుండె బాగున్నట్టుంది" అనుకుని రాసుకుని ముందుకు పోయాను.

మందుల గురించి అడిగాను. నా ఫారంలో ప్రశ్న ఇలా ఉండేది: "బీపీకి, షుగర్‌కు, గుండెకు మందులు వాడుతున్నారా?" లేదన్నారు. అది అబద్ధం కాదు.

వాళ్ల ఫిజీషియన్ చేయించిన రక్తపరీక్షల్లో థైరాయిడ్ మామూలుగానే ఉంది, పరగడుపు షుగర్ 104. హిమోగ్లోబిన్ మాత్రం 10.2. ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే రక్తహీనతే. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లది ఇదే పరిస్థితి కాబట్టి ఎవరూ ఉలిక్కిపడరు. కానీ దమ్ము పెంచాలనుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కండరానికి ఆక్సిజన్ మోసుకెళ్లేదే హిమోగ్లోబిన్. బస్సులు తక్కువుంటే డ్రైవర్ ఎంత బాగా నడిపినా ప్రయాణికులు స్టాండులోనే ఉండిపోతారు. ఫిజీషియన్ ఐరన్ గోలీలు రాశారు. వేసుకున్నాక గంటసేపు చాయ్ తాగొద్దని నేను కలిపాను. ఆ నియమం ఆమెకు సైకిల్ కంటే కష్టమైంది.

మొదటి మూడు వారాలు, నా లెక్క తప్పింది

వయసును బట్టి నాడి లెక్క అందరికీ తెలిసిందే. 220 లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ నాడి. 44 ఏళ్లకు 176. అందులో 60 నుంచి 70 శాతం, అంటే సుమారు 106 నుంచి 123 మధ్య ఉంచి తొక్కితే ఓర్పు పెరిగే తేలిక శ్రమ అవుతుంది. ఈ సూత్రం ఒక సగటు మాత్రమే, మనిషికీ మనిషికీ పది పదిహేను అటూఇటూ ఉంటుంది. తెలిసి కూడా ఆమెకు అదే ఇచ్చాను. కొడుకు పెట్టుకునే వాచీ చేతికి కట్టుకుని, వారానికి నాలుగు రోజులు, 20 నిమిషాలు, నాడి 106 దాటేలా తొక్కమన్నాను.

మూడో రోజు ఫోన్. "నాడి 95 కాడనే ఉంటుంది సార్."

"నాబ్ ఇంకొక అంకె పెంచండి మేడం."

రెండు నుంచి మూడు, మూడు నుంచి నాలుగు, రెండో వారానికి అయిదు. వాచీ అప్పుడప్పుడు 104 చూపించేది. ఆమెకేమో చెమటలు, మాట రాని ఆయాసం. "గడియారం గింతే అంటది, నాకు దమ్ము అందుతలేదు" అని మెసేజ్ పెట్టారు. వాచీ సరిగ్గా కట్టుకున్నారా, పట్టీ వదులుగా ఉందా అని నేను అడుగుతున్నాను. మనిషి చెబుతున్న మాట పక్కన పెట్టి అంకెను నమ్మడం మా వృత్తిలో చాలా తేలిగ్గా జరిగిపోయే తప్పు.

దీపావళి మర్నాడు తొక్కడం ఆపి దిగగానే కళ్లు తిరిగి మంచం పట్టుకున్నారు. కుడి మోకాలి ముందువైపు నొప్పి మొదలైంది. నవంబర్ 21న క్లినిక్‌కు రావాల్సింది, రాలేదు. తలనొప్పి అన్నారు.

"రోజూ గోలీ ఏసుకుంటూనే ఉన్న సార్, అయినా వచ్చింది."

"ఏం గోలీ?"

"తలనొప్పిది. రెండేండ్ల నుంచి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి."

ఫొటో పంపమన్నాను. ప్రొప్రనలాల్ 40.

మైగ్రేన్ తరచుగా రాకుండా నరాల డాక్టర్లు రాసే మందుల్లో ఇదొకటి. ఆమె దృష్టిలో ఇది తలనొప్పి గోలీ. నా ప్రశ్న బీపీ, షుగర్, గుండె గురించి. రెండూ కలిసే చోటు లేదు. కానీ ప్రొప్రనలాల్ బీటా బ్లాకర్. శ్రమ చేసినప్పుడు అడ్రినలిన్ వచ్చి గుండెను తొందర పెడుతుంది. ఆ కేక గుండెకు వినబడకుండా ఈ మందు అడ్డుకుంటుంది. కాబట్టి ఎంత తొక్కినా నాడి మామూలుగా పెరిగినంత పెరగదు. ఎంత తగ్గుతుందన్నది మోతాదును బట్టి, మనిషిని బట్టి, గోలీ వేసుకుని ఎన్ని గంటలైందన్న దాన్ని బట్టి మారుతుంది. 220 లెక్క ఇక్కడ పనిచేయదు. నేను తేలిక శ్రమ అనుకుని చేయించినదంతా ఆమెకు పెద్ద శ్రమ. విశ్రాంతి నాడి 60 ఎందుకుందో, దిగగానే కళ్లెందుకు తిరిగాయో అప్పుడు అర్థమైంది. ఈ మందు మీద ఉన్నవాళ్లు గట్టిగా తొక్కి టక్కున ఆపితే కాళ్లలోకి వెళ్లిన రక్తం పైకి చేరేలోపు బీపీ పడిపోవచ్చు.

ఆమె సమ్మతితో నరాల డాక్టరుతో మాట్లాడాను. మందు మార్చే పని లేదు, వ్యాయామం చేయొచ్చు, నీళ్లు తగ్గకూడదు, ఖాళీ కడుపుతో తొక్కకూడదు అన్నారు. ఆమెకు నేను గట్టిగా చెప్పింది ఒకటే: "సైకిల్ కోసమని గోలీ మీ అంతట మీరు ఆపొద్దు." బీటా బ్లాకర్ ఉన్నట్టుండి మానేస్తే గుండెకు ప్రమాదం. వాచీలో అంకె పెరగాలని మందు మానేసినవాళ్లు ఉంటారు, అందుకే చెప్పడం.

ఇప్పుడు నా ఫారంలో ఆ ప్రశ్న లేదు. "ఇంట్లో మీరు వేసుకునే గోలీలన్నీ ఒక పళ్లెంలో పోసి ఫొటో పంపండి" అని ఉంది. నిద్రవి, కీళ్లవి, ఆయుర్వేదం, పక్కింటావిడ ఇచ్చినవి, అన్నీ వస్తాయి.

పదమూడో ఎక్కం

నాడిని వదిలేశాక మిగిలింది మాట పరీక్ష. శ్రమ చేస్తూ మాట్లాడగలిగితే తేలిక, మాట తెగుతుంటే మధ్యస్థం, ఒక్కో మాటే వస్తుంటే కష్టం. పాత పద్ధతే, కానీ దీనికి బీటా బ్లాకర్ అడ్డు రాదు. చిక్కేమిటంటే ఒంటరిగా తొక్కేవాళ్లు ఎవరితో మాట్లాడతారు? లెక్కల టీచర్ కదా, ఎక్కం చదవమన్నాను. రెండో ఎక్కం, అయిదో ఎక్కం నిద్రలో కూడా వస్తాయి. పదమూడుకు కొంచెం ఊపిరి, కొంచెం బుద్ధి రెండూ కావాలి.

"పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెండ్ల ఇరవై ఆరు" అని రెండు వరుసలు ఒకే ఊపిరిలో వస్తే ఆకుపచ్చ. ఒక్కో వరుసకూ ఊపిరి తీసుకుంటే పసుపు. "పదమూడు... ఆర్ల..." అని మధ్యలో తెగితే ఎరుపు. ఈ రంగులు ఆమె పెట్టినవే. పిల్లల నోటుబుక్కులో రాసుకుని సైకిల్ ముందు గోడకు అంటించారు.

నవంబర్ 22న క్లినిక్‌లో వాట్లు చూపించే పరీక్ష సైకిల్, ఎర్గోమీటర్ మీద మళ్లీ పరీక్ష చేశాను. పొద్దున గోలీ వేసుకున్న రెండు గంటలకు. 40 వాట్లతో మొదలుపెట్టి మూడేసి నిమిషాలకు 20 వాట్లు పెంచడం. 40 దగ్గర ఆకుపచ్చ. 60 దగ్గర పసుపు, నాడి 97. 80 దగ్గర ఎక్కం ఏడో వరుసలో తెగింది, ఆపేశాం. ఈ కేసుకు అసలైన మొదటి కొలత ఇదే. నాడి ఆమెను ఇంకొకరితో పోల్చడానికి పనికిరాదు గానీ, అదే మోతాదు, అదే గంట, అదే వాట్లు అయితే ఆమెను ఆమెతోనే పోల్చుకోవచ్చు.

ఇంట్లో నాబ్ అయిదు నుంచి రెండుకు దింపేశాం. "ఇంత ఉత్తగ తొక్కితే ఏమొస్తది సార్?" అన్నారు. నిమిషానికి 70, 75 చుట్లు తిరగాలన్నాను. తెర మీద చుట్లు కనిపించవు కాబట్టి, 15 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. 18 వస్తే చాలు. బరువైన నాబ్‌తో మెల్లగా తొక్కితే మోకాలి మీద భారం. తేలిక నాబ్‌తో చకచకా తొక్కితే పని గుండెకూ ఊపిరికీ పోతుంది.

మోకాలి నొప్పికి నాబ్ ఒక్కటే కారణం కాదు. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి సైకిల్ చూశాను. ముందే చూడాల్సింది. సీటు కడ్డీకి ఎత్తు మార్చుకునే బొక్కలుంటాయి, ఆమె సీటు నాలుగో బొక్కలో ఉంది. కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు ఆనాలని అంత కిందికి పెట్టుకున్నారు. పడిపోతామన్న భయం, స్టాండు మీద ఉన్న సైకిలే అయినా. సీటు కిందికి ఉంటే మోకాలు ఎక్కువగా మడిచి తొక్కాల్సి వస్తుంది, చిప్ప ముందు నొప్పి వస్తుంది. మరీ పైకి ఉంటే మోకాలి వెనక గుంజుతుంది. చూసుకోవడం తేలిక. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాపాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు దానంతట అదే కొంచెం వంగి ఉంటుంది. ఆమెకు అది ఏడో బొక్కలో కుదిరింది. మోకాలి నొప్పి పది రోజుల్లో పోయింది, వేరే చికిత్స లేకుండానే.

ఇంకొకటి ఫ్యాన్. చలికాలం ఫ్యాన్ ఏంటని తలుపులు, కిటికీలు మూసుకుని తొక్కుతున్నారు. బయట రోడ్డు మీద సైకిల్ తొక్కితే గాలి దానంతటదే తగులుతుంది. గదిలో కదలకుండా తొక్కేవాళ్లకు ఆ గాలి ఉండదు. ఒంటి వేడి పోయే దారి లేక చెమట కారిపోతుంది, నీళ్లు తగ్గుతాయి, మైగ్రేన్‌కు అది చాలు. టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టించాను. మొదటి అయిదు నిమిషాలు శాలువా కప్పుకుని తొక్కి తర్వాత తీసేయడం ఆమె కనిపెట్టుకున్న పద్ధతి. తొక్కడానికి ముందు ఒక గ్లాసు, మధ్యలో ఒకటి నీళ్లు. చివరి ఆరు నిమిషాలు నాబ్ ఒకటిలో ఊరికే తిప్పడం, దిగాక వెంటనే వంగకుండా ఉండడం. కళ్లు తిరగడం మళ్లీ రాలేదు.

ఆకుపచ్చలో వారానికి నాలుగు రోజులు, 25 నిమిషాలతో మొదలు. వారానికి నాలుగైదు నిమిషాలు పెంచుదామనుకున్నాం. ఇంతలో ఎన్నికల డ్యూటీ వచ్చింది. 29న సామగ్రి తీసుకుని పోలింగ్ స్టేషన్లో పడుకుని, 30న పోలింగ్ అయ్యాక పెట్టెలు అప్పజెప్పి ఇల్లు చేరేసరికి డిసెంబర్ 1 తెల్లవారుజాము. ఆ వెంటనే మిచౌంగ్ తుపాను ముసురు. వారం రోజులు సైకిల్ ముట్టలేదు. పోయిన రోజులకు పరిహారంగా రోజుకు రెండుసార్లు తొక్కుతానన్నారు, వద్దన్నాను. వారం ఆగితే దమ్మేమీ కరిగిపోదు. ఆగిన చోటి నుంచి మళ్లీ ఎక్కితే చాలు.

డిసెంబర్ మూడో వారానికి ఆకుపచ్చలోనే 40 నిమిషాలు, నాబ్ మూడు. బడిలో మేడ మీది స్టాఫ్‌రూమ్‌కు ఆగకుండా ఎక్కుతున్నానని చెప్పారు. బరువు మాత్రం డిసెంబర్ 1న 77.5, డిసెంబర్ 24న 77.6.

తెర చెప్పిన నాలుగు వందలు

"రోజుకు నాలుగు వందల క్యాలరీలు కరుగుతున్నయ్ సార్. ఎటు పోతున్నయ్?"

తెర మీద అదే ఉంది. 40 నిమిషాలకు 390, 400. ఆ సైకిల్‌కు ఆమె బరువు తెలియదు, ఆమె పెట్టే బలం తెలియదు. చక్రం తిరిగిన వేగాన్ని ఏదో అంకెతో హెచ్చవేసి చూపిస్తుంది. నాబ్ ఒకటిలో ఉన్నా ఆరులో ఉన్నా దాదాపు అదే చూపించింది. మేం పరీక్షించి చూశాం.

అసలు లెక్క ఇంట్లోనే వేయొచ్చు. ఆమె లెక్కల టీచర్ కాబట్టి కాగితం ముందు పెట్టాను. ఎర్గోమీటర్ మీద ఆమె ఆకుపచ్చ శ్రమ అప్పటికి 60 వాట్ల దగ్గర ఉంది. 60 వాట్లంటే సెకనుకు 60 జౌల్స్. 40 నిమిషాలంటే 2,400 సెకన్లు. గుణిస్తే 144 కిలోజౌల్స్. ఇది పెడల్‌కు చేరిన పని. మన ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో అయిదో వంతు నుంచి నాలుగో వంతే పెడల్‌కు చేరుతుంది, మిగతాది వేడి. ఒక క్యాలరీ అంటే సుమారు 4.2 కిలోజౌల్స్. ఈ రెండూ ఒకదానికొకటి కొట్టుకుపోతాయి కాబట్టి, పెడల్‌కు ఎన్ని కిలోజౌల్స్ చేరాయో ఒంట్లో దాదాపు అన్ని క్యాలరీలు ఖర్చయినట్టు. అంటే 150 అటూఇటూ.

ఆమె కాసేపు కాగితం చూశారు. "అంటే వారానికి ఆరు వందలు."

"అంతే."

"కిలో కొవ్వుకు?"

"సుమారు 7,700."

పెన్ను తీసుకుని తనే భాగించారు. పన్నెండు, పదమూడు వారాలు. పెన్ను టేబుల్ మీద పెట్టేశారు.

ఈ లెక్క చూపించడం మంచిదా కాదా అని మా తోటివాళ్లలో వాదన ఉంది. చూపిస్తే మానేస్తారని కొందరి భయం. చూపించకపోతే ఇంకేం జరుగుతుందో ఆమె డైరీ చెప్పింది. నాలుగు రోజులు తిన్నదంతా రాయమన్నాను. సైకిల్ దిగాక ఒక పెద్ద గ్లాసు పాలలో బూస్టు, చక్కెర, నాలుగు బిస్కట్లు. "తొక్కిన కదా" అని. నవంబర్‌కు ముందు ఇది లేదు. అంటే 150 ఖర్చుపెట్టి, 400 వచ్చిందనుకుని, 300 తినేస్తున్నారు. తెర నిజం చెప్పి ఉంటే ఆ గ్లాసు ఉండేది కాదు.

ఇంకొక కన్నం ఫోన్లో దొరికింది. అక్టోబర్‌లో ఆమె రోజుకు సగటున 6,200 అడుగులు నడిచినట్టు ఫోన్ లెక్క. డిసెంబర్‌లో 4,100. బస్సు దిగి బడిదాకా నడిచేవారు. నవంబర్ నుంచి నలుగురు టీచర్లు కలిసి ఒక కారు మాట్లాడుకున్నారు. దానికి తోడు సైకిల్ తొక్కిన రోజు ఇంట్లో పనులు కొడుక్కి చెప్పి కూర్చోవడం. మనిషి ఒక చోట శ్రమ పెంచితే తెలియకుండానే ఇంకో చోట తగ్గించుకుంటాడు.

కంచం సంగతి నా పని కాదు. నాకు తెలిసిన ఒక డైటీషియన్ దగ్గరకు పంపాను. ఆమె చేసిన మార్పులు కొద్దే. బూస్టు తీసేసి, తొక్కాక పావుగంటలో రాత్రి భోజనమే చేయమన్నారు. అప్పుడు ఆకలికి వేరే దారి వెతకాల్సిన పని ఉండదు. ఖాళీ కడుపు తలనొప్పికి కూడా మంచిది కాదు కదా. రాత్రికి అన్నం బదులు ఒక జొన్నరొట్టె, కంచంలో సగం చిక్కుడో బీరకాయో తోటకూరో, ఒక గుడ్డో గట్టి పప్పో తప్పనిసరి. మధ్యాహ్నం అన్నం జోలికి పోలేదు. చాయ్‌లు మూడు రెండయ్యాయి, చక్కెర సగమైంది. కారు బడికి కిలోమీటరు ముందు ఆపి దిగడం ఆమె ఆలోచన. మొదట ఒక్కరే దిగేవారు, తర్వాత ఇంకొక టీచర్ తోడయ్యారు.

జనవరి 10న 76.8. తర్వాత సంక్రాంతి. సకినాలు వద్దని చెప్పేంత ధైర్యం నాకు లేదు, డైటీషియన్‌కూ లేదు. "ఇంట్లో చేసినవే తినండి, పక్కిళ్ల నుంచి వచ్చినవి రుచి చూసి పంచేయండి" అన్నాం. జనవరి 18న 77.4. ఉప్పుకూ పిండికీ నిలిచిన నీరు అందులో చాలా ఉంటుంది, వారం ఆగి చూడమన్నాను. 25న 76.3.

జనవరిలో మార్చినవి

వారంలో ఒక రోజు పసుపు నుంచి ఎరుపు దాకా: రెండు నిమిషాలు నాబ్ అయిదు, రెండు నిమిషాలు నాబ్ రెండు, ఇలా ఆరుసార్లు. మిగతా మూడు రోజులు ఆకుపచ్చలో 45 నిమిషాలు. వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, గోడకు చేతులానించి తోయడం, మునివేళ్ల మీద లేవడం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆదివారం నడక. గుండె, ఊపిరితిత్తులు సైకిల్ మీద తయారవుతాయి గానీ అరికాళ్లు, పిక్కలు, నడుము తయారు కావు. మేడారంలో ఎక్కాల్సింది సైకిల్ కాదు. భద్రకాళి చెరువు కట్ట మీద మొదటి ఆదివారం మూడు కిలోమీటర్లు నడిచి "దమ్ము బాగనే ఉంది సార్, పిక్కలే పట్టుకున్నయ్" అన్నారు. అదే నాకు కావాల్సిన మాట. జాతరకు ముందటి వారం వచ్చేసరికి దాన్ని ఏడు కిలోమీటర్లకు తెచ్చాం, ఆఖరి రెండు వారాలు భుజానికి నాలుగు కిలోల సంచీతో. జాతరకు వేసుకోవాల్సిన చెప్పులతోనే నడవమన్నాను. కొత్త చెప్పులు కొన్నానని ఫిబ్రవరి 15న ఫొటో పంపారు, వాటిని ఇంట్లోనే వదిలేయమన్నాను.

ఫిబ్రవరి 19 కొలతలు

బరువు 74.9 కిలోలు. మొత్తం తగ్గింది మూడున్నర కిలోలు, అందులో 2.7 డిసెంబర్ 24 తర్వాతే. నడుము 92. ఆరు నిమిషాల నడక 506 మీటర్లు. ఎర్గోమీటర్ మీద, అదే గోలీ, అదే గంటకు: 60 వాట్ల దగ్గర నాడి 97 నుంచి 88కి దిగింది, రంగు ఆకుపచ్చ. 80 దగ్గర కూడా ఆకుపచ్చే. 100 దగ్గర పసుపు. 120కి పదమూడు ఎనిమిద్ల దగ్గర తెగింది. హిమోగ్లోబిన్ 11.7.

దమ్ము పెరగడంలో సైకిల్ వాటా ఎంత, ఐరన్ గోలీల వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేను. రెండూ ఒకేసారి నడిచాయి. 60 వాట్ల దగ్గర నాడి తగ్గడానికి రెండూ కారణమే అయి ఉంటాయి. బరువు విషయంలో లెక్క కొంచెం స్పష్టంగా ఉంది. చివరి ఎనిమిది వారాల్లో 2.7 కిలోలంటే రోజుకు సుమారు 365 క్యాలరీల లోటు. జనవరిలో ఆమె సైకిల్ ఖర్చు, 75 వాట్ల సగటుతో 45 నిమిషాలు, వారానికి నాలుగుసార్లు వేసుకుంటే, రోజుకు 125 దాకా వస్తుంది. అంటే మూడింట ఒక వంతు సైకిల్‌ది. మిగతా రెండు వంతులు కంచానిదీ, కారు ముందే దిగిన ఆ కిలోమీటరుదీ.

మైగ్రేన్ ఈ 16 వారాల్లో నాలుగుసార్లు వచ్చింది. అంతకుముందు నెలకు రెండుసార్లు వచ్చేదట. నీళ్లా, నిద్రా, వేళకు తినడమా, సైకిలా, ఏది పనిచేసిందో ఒక్క మనిషిని చూసి తేల్చలేం. ఆ లెక్క ఆమె నరాల డాక్టరుకు పంపాను.

మొదటి మూడు వారాలు నేను సరిగ్గా నడిపి ఉంటే బరువులో ఐదు శాతం, అంటే దాదాపు నాలుగు కిలోల తగ్గుదల దాటేవారేమో. మూడున్నర దగ్గర ఆగింది.

ఇంటి ముందు త్రాసు కట్టి తూచినప్పుడు పట్టుచీరతో, గాజులతో 76 కిలోల బెల్లం పట్టిందట. అత్తగారు ఒక బుట్ట తిరిగి కొట్టుకు పంపాల్సి వచ్చిందని నవ్వారట. ఫిబ్రవరి 23న, శుక్రవారం, అమ్మవార్లు ఇద్దరూ గద్దెల మీద ఉన్న రోజు వెళ్లారు. బండి ఆపిన చోటి నుంచి గద్దెలకు నాలుగు కిలోమీటర్లు అయ్యిందని ఫోన్ చూపించిందట. నాలుగు కిలోల బెల్లం సంచీ భుజాన, మిగతాది ఇంటివాళ్ల దగ్గర. వెళ్లేటప్పుడు ఎక్కడా కూర్చోలేదు. వచ్చేటప్పుడు ఒకసారి కూర్చున్నారు, అదీ అత్తగారి కోసం.

26వ తారీఖు సాయంత్రం ఫోన్ వచ్చింది. జాతర ముచ్చట్లు చెబుతారనుకున్నాను.

"సార్, మేం జాతరకు పోయినప్పుడు చుట్టాల పిల్లలొచ్చి సైకిల్ తొక్కిండ్రు. సీటు కిందికి దించిండ్రు. మనది ఏ బొక్క?"

"ఏడోది మేడం."

"సరే" అని పెట్టేశారు.